బోడి పాముల వంశం

లైల్ టాకెట్ అమ్మేవి మామూలు పాములు. చెప్పేది మాత్రం బోడి పాముల వంశం అని.

కార్న్ స్నేక్ అనేది విషం లేని పెంపుడు పాము. ఒంటిమీద పొలుసులు లేకుండా పుట్టినదాన్ని ఇండియానాలో పాములు పెంచేవాళ్ళు బోడిది అంటారు. అది అందంగా ఉంటుందా అన్న విషయంలో రెండు వర్గాలున్నాయి. కొనగలిగినవాళ్ళు పట్టులా ఉంటుందంటారు. కొనలేనివాళ్ళు ఈకలు పీకిన కోడిలా ఉంటుందంటారు. రెండు వర్గాలకీ అది కావాలి. ఒక్కో పిల్ల వెయ్యి డాలర్లు.

లైల్ కిటుకంతా ఇక్కడే ఉంది. బోడితనం రక్తంలో దాగి ఉన్న పాము పైకి మామూలు పాములాగే కనిపిస్తుంది. అలాంటి రెండిటిని జత కలిపితే నాలుగు గుడ్లకి ఒకటి చొప్పున బోడి పిల్ల వస్తుంది. జత కట్టే వయసు రావడానికి మూడేళ్ళు పడుతుంది. అందాకా అమ్మినవాడి మాటే సాక్ష్యం. యాభైకి పోయే పాముని అతను రెండు వందలకి అమ్మేవాడు. మూడేళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి నిలదీస్తే, "గుడ్లకి వేడి సరిపోయుండదు" అనేవాడు. పాపం, వాళ్ళు ఇంట్లో గుడ్లు పొదగడానికి పెట్టుకున్న వేడి పెట్టెని తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు.

ఆ శనివారం పాముల సంత తలుపులు తెరవగానే ఒపల్ హెన్షా నేరుగా అతని బల్ల దగ్గరికి వచ్చింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మూడేళ్ళ కిందట పెన్షన్ డబ్బుతో అతని దగ్గర ఒక జత కొంది. ఆమెని చూడగానే లైల్ ముఖానికి విచారం తగిలించుకున్నాడు.

"గుడ్లకి వేడి..." అని మొదలుపెట్టాడు.

"పదహారు పెట్టింది బాబూ. అన్నీ పిల్లలయ్యాయి. నీకు థాంక్స్ చెబుదామని వచ్చా" అంటూ ఒపల్ చేతిలోని డబ్బా మూత తీసింది.

లోపల నాలుగు బోడి పిల్లలు. గులాబీ రంగు ఒళ్ళు, మెడ దగ్గర ముడతలు. లైల్ వంగి పరీక్షగా చూశాడు. ఆ తర్వాత లెక్క తట్టింది. పదహారుకి నాలుగు, సరిగ్గా సరిపోయింది.

ఆమె తల్లినీ తండ్రినీ కూడా సంచుల్లో తెచ్చింది. తల్లి తోకమీద వంకర మచ్చ అతనికి బాగా గుర్తు. అనుమానం లేదు, తను అమ్మినదే. అతని పాములన్నీ ఒక్క జతకి పుట్టినవి. ఊరు వదిలి పోతూ ఒక ముసలాయన చవగ్గా ఇచ్చిన జత అది. ఆ రెండిట్లో ఒకదాని రక్తంలో ఇది ఉందన్నమాట. పిల్లల్ని పెంచి, వాటిలో వాటినే జత కలిపి చూసే ఓపిక తనకి ఏనాడూ లేకపోయింది. పదేళ్ళుగా జనానికి టోపీ పెడుతున్నానని మురిసిపోయినవాడికి, టోపీ తన నెత్తిమీదే ఉందని తెలిసేసరికి ఏడుపొచ్చింది.

"పిల్లల్ని అమ్ముతారా అమ్మా?"

"ఇవి ప్రాణం బాబూ, అమ్మను. కావాలంటే పెద్దవాటిని తీసుకో. వాటికి మేపే ఎలకల ఖర్చు నేనింక భరించలేను." ఆమె మూత పెట్టి కదలబోయింది. "అలా తిరిగి నలుగురికీ చూపించొస్తా."

"వద్దు వద్దు," అన్నాడు లైల్ గాభరాగా. "ఈ జనం మధ్య తెరిస్తే పసివి బెదిరిపోతాయి. మధ్యాహ్నం దాకా మూత తియ్యకండి."

"నువ్వు చెబితే సరే" అంది ఒపల్.

ఆమె జతకి అడిగినంత ఇచ్చి, లైల్ టికెట్ల బల్ల దగ్గరికి పరిగెత్తి మైకు అందుకున్నాడు. తన పాముల్లో ఏదో జబ్బుందని అనుమానంగా ఉందని, అంతరాత్మ ఊరుకోవడం లేదని, ఇప్పటిదాకా తన దగ్గర కొన్న ఏ పామునైనా రెట్టింపు ధర ఇచ్చి వెనక్కి తీసుకుంటానని గొంతు బొంగురు పోయేలా చెప్పాడు.

అదృష్టం కలిసొస్తే ఇలాగే ఉంటుంది. చాలామంది కొనుక్కున్న పాములు బయట వాళ్ళ కార్లలోనే ఉన్నాయి. పావుగంటలో వరస కట్టారు. కొత్త ట్రక్కు కోసం దాచుకున్నది అయిపోయింది. అతను బ్యాంకుకి పరిగెత్తి, పెళ్ళానికి తెలియకుండా ఇంటి పన్ను డబ్బు కూడా తీసుకొచ్చాడు.

"నీలాంటి నిజాయితీపరుడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడయ్యా" అంది ఒకావిడ నోట్లు పర్సులో పెట్టుకుంటూ.

"ఏదో, మనసు ఒప్పుకోలేదండి" అన్నాడు లైల్ తల వంచుకుని. లోపల నవ్వు ఆగడం లేదు. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క పాములు ట్రక్కులోకి ఎక్కాయి. ఇక మూడేళ్ళు ఓపిక పడితే చాలు, పుట్టేవన్నీ బంగారమే. అతను ఈల వేసుకుంటూ ఊరి దారి పట్టాడు.

ఒపల్ కిటికీలోంచి ఆ ట్రక్కు మలుపు తిరిగేదాకా చూసింది. డబ్బా చంకన పెట్టుకుని హాలు చివరి బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎమ్మెట్ అనే గడ్డమాయన శాండ్‌విచ్ తింటున్నాడు.

"మనవాళ్ళందరికీ డబ్బులు వచ్చేశాయా?" అని అడిగాడు.

"ఒక్కరు మిగల్లేదు," అంటూ ఒపల్ డబ్బా అతని ముందు పెట్టింది. "ఇదిగో, నువ్వు అరువిచ్చిన నాలుగు బోడి పిల్లల్నీ చూసుకో. మా గుడ్లలోంచి వచ్చిన పదహారూ ఒళ్ళంతా పొలుసులతోనే పుట్టాయి."