రాళ్లా, ఇసుకా

చేతులు లెక్కపెట్టారు. రాళ్లకు నాలుగు, ఇసుకకు నాలుగు. ఇక మిగిలింది చైర్‌పర్సన్ చెయ్యి.

ఆ చెయ్యి బల్ల కింద చీర కుచ్చిళ్లను నలుపుతోంది. ముప్పై ఏళ్లు కుట్టుమిషను మీద ఆడిన చెయ్యి. కుర్చీ ఎక్కి మూడేళ్లయినా ఊళ్లో అందరికీ ఆమె మిషనమ్మే.

ఇంజినీరు మళ్లీ పటం ముందు నిలబడ్డాడు. ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు పాపం.

"ఇసుక ఒడ్డు వెంబడి పైనుంచి కిందికి నడుస్తుందండీ. మీరు పైన రాళ్ల గట్లు వేస్తే, వచ్చే ఇసుకంతా మీ దగ్గరే ఆగుతుంది. మీ ఒడ్డు నిలుస్తుంది, కింది ఊరి ఒడ్డు కోసుకుపోతుంది. అదే రెండు ఊళ్లూ కలిసి సముద్రంలోంచి ఇసుక తోడించి ఒడ్డంతా పోయించుకున్నారనుకోండి, ఇద్దరూ బతుకుతారు. కాకపోతే అనుమతులూ అవీ వచ్చి పని మొదలవడానికి రెండేళ్లు."

"రాళ్లయితే?"

"వానల్లోపు వేసేయొచ్చు."

రెండేళ్లు. మిషనమ్మ అక్కడే ఆగిపోయింది. పోయిన వానల్లో చివరి వీధిలో మూడిళ్లు కూలాయి. మంచాన పడ్డ ముసలాయన్ని, తలుపు ఊడదీసి దాని మీద మోసుకొచ్చారు. ఇప్పుడు నీళ్లకీ బడి గోడకీ మధ్య పంతొమ్మిది అడుగులు. నిన్న సాయంత్రం తన కుట్టుటేపుతో తానే కొలిచింది.

వైస్ చైర్మన్ ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"వదినా, నువ్వు తప్పుకో. ఒంట్లో బాగాలేదని లేచి వెళ్లిపో. ఎవరూ ఏమీ అనుకోరు."

"తప్పుకుంటే?"

"వాయిదా పడుతుంది."

"వానలకి కూడా వాయిదా చెప్తావటయ్యా?"

కింది ఊరి తరఫున మాట్లాడటానికి వచ్చిన వార్డు మెంబరు లేచి నిలబడింది. ఇరవై మూడేళ్ల పిల్ల. భుజం మీద మూడు నెలల పసిగుడ్డు. చదువు పదితోనే ఆగినా కాగితం చూడకుండా మాట్లాడుతోంది.

"మేడమ్, రెండేళ్లు ఓర్చుకోండి. అందాకా బస్తాలు అడ్డం వేసుకుందాం, మా ఊరివాళ్లమూ వచ్చి మోస్తాం. ఇసుకైతే మీకూ మాకూ సమానం. రాళ్లేశారా, వచ్చే ఏటికి మా వీధి ఉండదు. వంటింటి కిటికీ తీస్తే నురగ మొహాన పడుతోంది."

"రెండేళ్లు నీళ్లలో కాపురం చెయ్యడానికి మేమేమన్నా చేపలమా తల్లీ?" అన్నాడు ఐస్ ఫ్యాక్టరీ ఓనరు.

గదంతా గొల్లున నవ్వింది.

"మేం మాత్రం చేపలమా బాబాయ్?"

నవ్వు ఆగిపోయింది. ఆయన తల దించుకున్నాడు.

మిషనమ్మ కాగితాలు తిరగేస్తున్నట్టు ఆ పిల్లనే చూస్తోంది. క్రితం మీటింగుకీ ఇప్పటికీ మనిషి సగమైంది. పొద్దున ఏమీ తిన్నట్టు లేదు. జాకెట్టు భుజం దగ్గర కుట్టు వదిలేసింది. చూస్తుంటే సూది కోసం వేళ్లు లాగుతున్నాయి.

ఎదుటి పక్షం, అని తనకు తానే చెప్పుకుంది. ఈ గదిలో ఉన్నంతసేపూ ఎదుటి పక్షమే.

పసివాడు ఉలిక్కిపడి లేచి గుక్కపట్టాడు.

"బోర్లా వేసుకోమ్మా, గాలి పట్టేసి ఉంటుంది." మిషనమ్మ నోరు జారింది.

"నా బిడ్డ సంగతి నాకు తెలుసు మేడమ్. మీరు మీ వీధి సంగతి చూసుకోండి."

ఎవరో దగ్గారు. గుమాస్తా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మిషనమ్మ కళ్లు మూసుకుంది. తలుపు మీద మోసుకొచ్చిన ముసలాయన కనబడ్డాడు. బడి గోడ కనబడింది, ఆ గోడ వెనక ఎక్కాలు అప్పజెప్పే మూడొందల గొంతులు వినబడ్డాయి. కళ్లు తెరిస్తే ఎదురుగా పసిగుడ్డు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఇన్నేళ్లూ ఊరికే అనేసింది. ఇంత లోతుంటుందని తెలీదు.

"రాళ్లు," అంది.

చెయ్యి మోచెయ్యి దాకానే లేచింది. అది చాలు, గుమాస్తా రాసుకున్నాడు.

గెలిచినవాళ్లు చప్పట్లు కొట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కుర్చీలు జరిపారు. ఇంజినీరు పటం చుట్టేశాడు.

ఆమె గబగబా వరండాలోకి వచ్చింది. ఆ పిల్ల అప్పటికే మెట్ల దగ్గరకు చేరింది.

"కాస్త ఆగు. ఎండ మాడిపోతోంది. జీపు పంపిస్తాను, పసివాడితో నడిచి వెళ్లకు."

ఆ పిల్ల ఆగింది. పసివాడి తల మీద కొంగు కప్పింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"మా ఇల్లు కొట్టుకుపోయిన రోజు కూడా పుట్టిల్లు కదా అని నీ గడప తొక్కనులే, అమ్మా," అంది.