రాళ్ళగుట్ట ఉడతలు

ఉడతల చెట్టు గాలివానకు కూలినప్పుడు, "ఈ ఒక్క వానాకాలం రాళ్ళగుట్టలో తలదాచుకోండి" అంది అడవిపెద్ద ఏనుగు. తొమ్మిది వానాకాలాలు గడిచాయి. ఏనుగు అడుగు వినబడితే చాలు, తల్లి ఉడతలు పిల్లల్ని చంకనేసుకుని నిలబడేవి.

ఒకరోజు ఏనుగు రానే వచ్చింది. "ఒక్క వానాకాలమేగా అన్నాను. చెట్టు నుంచి వచ్చినవాళ్ళంతా గుట్ట దిగండి."

ముసలి ఉడత మాణిక్యమ్మ ఒక్కతే దిగింది.

"మిగతావాళ్ళేరి అవ్వా?"

"నాతో వచ్చినవాళ్ళు దేవుడి దగ్గరికి పోయారు నాయనా. వీళ్ళంతా ఇక్కడే పుట్టారు. అందరికీ పురుడు పోసింది నేనే. పేర్లు చెప్పమంటావా?"

ఏనుగు అన్ని పేర్లూ ఓపికగా వింది. "పుట్టినచోటు నుంచి ఎక్కడికి పొమ్మంటాను? ఈ గుట్ట ఇక మీ సొంతం. నువ్వూ పైకెక్కు అవ్వా" అంది.

పరాయి చోటని ఇన్నేళ్ళూ ఎవరూ గడపకు పసుపు రాయలేదు. ఆ సాయంత్రం గుట్ట మొత్తానికి పసుపు చాలలేదు.