తెల్ల జెర్సీ

ఆసిఫా జెర్సీని సంచిలోంచి తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంది. ముందు, వెనక, మోచేతుల దగ్గర, మెడ చుట్టూ చూసింది. ఎక్కడా మరక లేదు. మడత కూడా నలగలేదు.

"ఈపొద్దు గూడా బెంచీ మీదే కూచోబెట్నాడా మీ కోచ్?"

"ఊఁ," అన్నాడు కొడుకు షాకీర్, బూట్లు విప్పకుండానే సోఫాలో ఒరుగుతూ.

"గెలిచినారా?"

"యాడ గెలుస్తాం మా. నలభై రెండుకు సున్నా."

ఆరు మ్యాచులు, ఆరూ ఓటమే. సౌదీలో రాస్ తనూరా దగ్గర షాకీర్ చదివే ఆ చిన్న కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ అనే ఆట ఒకటుందని ఆసిఫాకు నిరుటిదాకా తెలియదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది, దాన్ని పట్టుకున్నవాడి మీద నలుగురు పడతారు. ఆమెకు అర్థమయింది అంతవరకే. నిరుడు ఎవరో పిల్లవాడికి భుజం ఎముక విరిగిందని విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

"నీకు దెబ్బ తగిలిందని నా చెవిన పడిందంటే మనూరు రాయచోటికి టికెట్టేరా. మీ నాయన్ను గూడా అడగను, నేనే ఇమానం ఎక్కిస్తా," అని తెగేసి చెప్పింది.

వాళ్ల నాయన నబీ రసూల్ దేశం ఆ కొసన ఖమీస్ ముషైత్‌లో కంపెనీ పని మీద ఉంటాడు. రెండు నెలలకొకసారి వస్తాడు. ఇంట్లో భయపడే పనంతా ఆమె ఒక్కదానిదే.

ఈ ఏడు కొత్త కోచ్ వచ్చాడు. పేరు అర్షద్, అమెరికాలో పెరిగిన పాకిస్తానీ. మొదటి మ్యాచ్ నాడే షాకీర్ అన్నాడు: "భయపడాకు మా. లోపల ఆడేది పదకొండు మంది. ఈయప్ప నన్ను బెంచీ మీదినుంచి లేపే రకం కాదు." ఆ రాత్రి ఆసిఫా కోచ్ పేరు చెప్పి మరీ దువా చేసింది. మ్యాచుకు వెళ్లి చూసే ధైర్యం ఆమెకు లేదు. శుక్రవారం శుక్రవారం సంచిలోంచి ఆ తెల్ల జెర్సీ తీసి చూసుకుంటేగానీ ఊపిరాడదు.

కానీ మూడో మ్యాచ్ అయినప్పటినుంచి పిల్లవాడు పిల్లవాడిలా లేడు. గదిలో కర్టెన్లు తీయనివ్వడు. నమాజు ముసలివాళ్లలా కుర్చీలో కూర్చుని చేస్తున్నాడు.

"సజ్దాకు ఒంగేకి గూడా బద్దకమా నీకు?"

"మనసు బాగలేదు మా."

భోజనం దగ్గరా అంతే. అన్నం కెలుకుతూ, "నాయన ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

"వచ్చే బేస్తవారం."

రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని, "మా, నాయన ఎప్పుడొస్తాడు?"

ఆసిఫా వాడి కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. దిగులు మనిషిని ఇంతగా తినేస్తుందా?

మర్నాడు వంటింటి అరలో చూస్తే తలనొప్పికి వేసుకునే పెనడాల్ షీట్లు రెండు కనబడలేదు. మాత్రలన్నీ ఒకచోట దాచుకుంటున్నాడేమో, ఏదో ఒక రోజు అన్నీ కలిపి మింగేస్తాడేమో అనుకుంది. మిగిలిన షీటును బియ్యం డబ్బా అడుగున పెట్టింది. బాత్రూములో ఫినాయిల్ సీసా తీసేసింది. బాల్కనీకి తాళం వేసింది. సాయంత్రం వాడు అరంతా వెతికి, ఏమీ దొరక్క, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. మంచి పనే చేశాననుకుంది.

భర్తకు ఫోన్ చేసింది.

"వాడు ఆడితే ఏడుస్తావు, ఆడకపోతే ఏడుస్తావు," అన్నాడు నబీ రసూల్. "నీకు ఏడ్చేకి ఒక సాకు గావాల."

"బిడ్డ దక్కితే చాలు నాకు. ఆ కోచ్‌నే పోయి అడుగుతా."

"నువ్వా? ఆడిపించమని?"

"నేనే."

బుధవారం కోడి పలావు డబ్బాలో సర్దుకుని టాక్సీలో కాలేజీకి వెళ్లింది. గ్రౌండు పక్క చిన్న గదిలో అర్షద్ ఒక్కడే ఉన్నాడు. మూలన వాషింగ్ మెషీన్ మీద పచ్చ జెర్సీలు కుప్పగా పడి ఉన్నాయి. చిరుగులు, మట్టి, ఒకదాని మెడ దగ్గర ఎండిన రక్తం. ఆడేవాళ్లకు పచ్చవి, కూర్చునేవాళ్లకు తెల్లవి కాబోలు అనుకుంది. ఎవరు కన్న బిడ్డలో, ఆ తల్లులు ఎట్లా తట్టుకుంటున్నారో.

"షాకీర్ వాళ్లమ్మను," అంది తన రాయచోటి ఉర్దూలో.

అతను లేచి నిలబడ్డాడు. "రండి ఆపా. కూర్చోండి," అన్నాడు, సొంత అక్కను పిలిచినట్టు.

ఆమె కూర్చోలేదు. డబ్బా బల్ల మీద పెట్టింది.

"తప్పుగా అనుకోవద్దు భాయ్. మా వాడు తిండి తినడం లేదు. వెలుతురు చూడలేకపోతున్నాడు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు."

అర్షద్ ముఖంలో రంగు మారింది. "ఎప్పటినుంచి?"

"మూడో మ్యాచ్ నుంచి. ఆ బెంచీ దిగులే వాణ్ని చంపుతోంది. ఎల్లుండి ఆఖరి మ్యాచ్. దెబ్బ తగిలితే తగలనీ, నేనేమీ అనను. ఐదు నిమిషాలు, ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి మా వాణ్ని లోపలికి పంపండి."

అతను ఆ పచ్చ కుప్ప వైపు చూశాడు.

"ఆపా, మా టీములో మొత్తం ఉన్నదే పదకొండు మంది. బెంచీ మీద కూర్చునేవాడే లేడు."