కడిగేసిన ముగ్గు

“ఆ మూల ఇంకా తెల్లగా ఉంది. తొందరగా నీళ్లు పొయ్యి, అమ్మ స్నానం చేసి వచ్చేస్తుంది,” అన్నాడు మహేంద్ర, తలుపు దగ్గర కాపలా కాస్తూ.

నిరుపమ బకెట్ వంచింది. అత్తగారు మంగతాయారు తెల్లవారుతూనే వేసిన ముగ్గు మెట్టు మీంచి పాలలా కారిపోయింది. పెళ్లయి నాలుగు నెలలైనా కాని ఆ జంట, జామకాయలు దొంగిలించిన పిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

“తప్పేమో మహీ.”

“ఒక్కరోజుకే కదా. రేపు మళ్లీ వేసుకుంటుంది.”

ఒక్కరోజే. కానీ ఆ రోజు మామూలుది కాదు. నగరాలు అందరికీ పనికొచ్చేలా, ప్రకృతికి చేటు చేయకుండా ఎదగాలని ఐరోపాలో కొన్ని నగరాలు జట్టుకట్టి పనిచేస్తున్నాయి. ఆ జట్టు తరఫున నలుగురు ఆక్లాండ్ వచ్చారు. ఇవాళ ఊరి శివారు హాబ్సన్‌విల్‌లో ఈ వీధిని చూడబోతున్నారు. వీధి డిజైన్ నిరుపమదే. పెళ్లయ్యాక ఇక్కడే ఇల్లు అద్దెకు దొరికితే, తను గీసిన బొమ్మలోకి తనే కాపురానికొచ్చినట్టు మురిసిపోయింది. వచ్చినవాళ్లకు వీధి నచ్చితే ఆర్నెల్లు ఐరోపా వెళ్లి పనిచేసే అవకాశం. దాన్నే హనీమూన్ చేసుకుందామని మహేంద్ర ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్ల ఫొటోలు ఇప్పట్నుంచే ఫోన్లో దాచుకుంటున్నాడు.

అడ్డల్లా ఆ ముగ్గే. అరుగూ మెట్టూ బాటా అన్నీ ఒకే బూడిదరంగు రాయి. ఆ వీధి అందమే అది. భీమవరం నుంచి వచ్చిన మర్నాటి నుంచీ అత్తగారు సరిగ్గా ఆ మెట్టు అంచునే ముగ్గు వేస్తోంది. మొదట్లో సన్నగా ఉండేది, పోనుపోను జానెడు పట్టీ అయింది. గీతలన్నీ వంకర. “ఆ తెల్లపొడి ఏమిటి?” అని వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగిననాడు నిరుపమకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

“అరుగు మధ్యలో వేసుకోండత్తయ్యా, అంచునెందుకు?” అంటే, “అక్కడుంటేనే నాకు బాగుంటుందమ్మా,” అని ఊరుకుంది ఆవిడ.

స్నానం ముగించి వచ్చిన మంగతాయారు ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. మొదటి గుక్కకే మహేంద్ర మొహం చిట్లించాడు.

“అమ్మా, మళ్లీ ఉప్పేశావు.”

“కొత్త పెళ్లాం చేతి కాఫీ రుచి మరిగాక నాది ఉప్పగానే ఉంటుందిలేరా.”

నిరుపమ మాత్రం గ్లాసు ఖాళీ చేసింది. ముగ్గు కడిగినందుకు ఆ శిక్ష సరిపోదనిపించింది. ఆ మీదట ఇంకోటి కూడా అడగాల్సి వచ్చింది.

“అత్తయ్యా, గెస్టులు వెళ్లేదాకా మీరు లోపలే ఉంటారా? కాసేపే.”

“ఉంటాలేమ్మా.”

ఆవిడ ఎందుకని అడగకపోవడమే నిరుపమకు ముల్లులా గుచ్చుకుంది.

పదింటికి అతిథులు వచ్చారు. నిరుపమ ర్యాంపు చూపించింది, వాననీరు ఇంకే గుంటలు చూపించింది, ముసలివాళ్లు కూర్చునే బెంచీలు చూపించింది. వాళ్లలో పెద్దావిడ, జోసఫిన్, తిన్నగా వచ్చి నిరుపమ ఇంటి ముందే ఆగింది.

“మీరు పంపిన రిపోర్టు ఫొటోలో ఈ మెట్టు మీద తెల్లటి గీతలున్నాయి. వాటిని చూద్దామనుకున్నాను. ఏవీ?”

నిరుపమ చెవులు వేడెక్కాయి. “అవి మా డిజైన్‌లో లేవు. మీరొస్తున్నారని కడిగేశాం.”

జోసఫిన్ ఖాళీ మెట్టు వైపు చూసింది. “మా నగరాలకు ఒక అలవాటుంది. కలిసినప్పుడు గొప్పలు చెప్పుకోం, ఎవరి పొరపాటు వాళ్లు మిగతావాళ్లకు చెప్పుకుంటాం. ఈ వీధిలో మీ పొరపాటు ఏమిటి?”

ముగ్గు కడగడమే అని చెప్పాలనిపించింది. అత్తగారు ముచ్చటపడి వేసుకున్నదాన్ని నామోషీకొద్దీ చెరిపేశానని.

“ఇక్కడ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు,” అనేసింది. “ఇంతవరకు ఒక్క కంప్లయింట్ కూడా రాలేదు.”

అప్పుడే తలుపు తెరుచుకుంది. మంగతాయారు పళ్లెం నిండా జంతికలతో అరుగు మీదికి వచ్చింది. “లోపలుండమన్నావు గానీ, గుమ్మం దాకా వచ్చినవాళ్లను ఊరికే ఎలా పంపుతామమ్మా?”

నాలుగడుగులు వేసి టక్కున ఆగిపోయింది. పాదం ముందుకు చాపింది, వెనక్కి తీసుకుంది. మళ్లీ చాపింది.

ముగ్గు లేదని చూసి నొచ్చుకుందనుకుంది నిరుపమ. గబగబా దగ్గరికెళ్లి గొంతు తగ్గించింది.

“నేనే కడిగానత్తయ్యా. తప్పయిపోయింది. రేపు ఇంతకంటే అందంగా వేసుకుందురుగాని.”

“అందానిదేముందమ్మా,” అంటూ మంగతాయారు ఖాళీగా ఉన్న చెయ్యి గాల్లోకి చాపింది. “ఏదీ, నీ చెయ్యి ఇలా ఇవ్వు.”

నిరుపమ చెయ్యందించింది.

“ముగ్గు లేకపోతే మెట్టెక్కడుందో నాకు కనపడదు.”