మూడో ప్లాట్‌ఫారం

"ఏం బిడ్డా, మా సమ్మెను చెడగొడ్తున్నవా?"

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో ఉన్న లెక్కల సారు సోమనర్సయ్య జనగామ బస్టాండు మూడో ప్లాట్‌ఫారం మీద నిలబడి కేకేశాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నది ఆయన బడిలోని పదో తరగతి పిల్లలే.

పాఠం చెబుతున్న నీరజ వెనక్కి తిరిగింది. "మేం గూడ సమ్మెలనే ఉన్నం సార్. మా యూనివర్సిటీ బంద్, మీ బడి బంద్. బస్సులు బంద్ గాబట్టి గీ జాగ దొరికింది."

"మేం పాఠాలు బంద్ పెడ్తె మీరొచ్చి చెప్పుడేంది? సర్కారుకు సెగ ఎట్ల తగుల్తది?"

"ఉద్యమంల మా హాస్టల్ మెస్సు మూసిన నాడు జనగామోళ్లే బియ్యం పంపిన్రు సార్. ఇయ్యాల వాళ్ల పిల్లలు పరీక్ష తప్పేటట్టుంటే సూస్కుంట కూసోవాల్నా?"

బస్సుల టైముల బోర్డు మీద ఆమె సుద్దతో వేసిన లెక్క దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"గా మైనస్ ఎటువోయింది?"

"నేను చదివేది చరిత్ర సార్," నీరజ నాలిక్కరుచుకుంది.

ఆయన విసురుగా సుద్దముక్క లాక్కున్నాడు. లెక్క మొదటినుంచి చెప్పాడు. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. ఎండ ప్లాట్‌ఫారం మీదికి వచ్చాకగానీ ఆపలేదు.

"రేపు త్రికోణమితి," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"మరి సమ్మె సార్?" అంది నీరజ.

"సమ్మె సమ్మెనే. ఎవలన్న అడిగితే బస్సు కోసం వచ్చిన అని చెప్త."

"బస్సులు నడుస్తలేవు గద సార్!" ముందు వరుసలో పిల్ల కిసుక్కున నవ్వింది.

"అందుకే రోజూ వస్త బిడ్డా. వచ్చేదాక ఎదురుసూడాలె గద."