పోటు వచ్చేదాకా

"ఊర్మిళా, నేను పైకి రాలేను!"

చేపల పడవలో, వలల కుప్ప మీద వెల్లకిలా పడి అరిచాడు డాక్టర్ హనుమత్‌ప్రసాద్. పైన, రేవు గట్టు మీద సంచి పట్టుకుని నిలబడ్డ భార్య ఊర్మిళ కిందికి తొంగి చూసింది. గోడకున్న ఇనుప నిచ్చెనలో మూడు కమ్ములు అతని కాళ్ళ కింద వరసగా విరిగి నీళ్ళలో పడిపోయాయి. మిగిలినవి చేతికి అందనంత ఎత్తున తుప్పు రాలుస్తున్నాయి.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. వలలు మెత్తగానే ఉన్నాయి. కంపే భరించలేకపోతున్నా."

"గట్టు మీద నించుని కొనండీ అంటే విన్నారా? పీత బతికుందో లేదో దగ్గరగా చూడాలన్నారు. ఎముకల డాక్టరయ్యుండి మీ ఎముకలే విరగ్గొట్టుకుంటే హాస్పిటల్లో అందరూ నవ్వరూ?"

పడవ యజమాని డోనల్‌కి అరవై దాటాయి. ఆ తెలుగంతటిలో అతని చెవికి ఒక్క మాటే పట్టింది.

"డాక్టరా?" అన్నాడు, పీతల బుట్ట పక్కన పెట్టి.

"ఆర్థోపెడిక్స్. ముందు నన్ను పైకి పంపించు. ఆ క్రేన్‌తో లాగలేరా?"

"అది క్రిస్మస్ నుంచి పనిచెయ్యట్లేదు."

"ఇంకో నిచ్చెన?"

"అడిగి మూడేళ్ళయింది. కొలతలు మాత్రం రెండుసార్లు తీసుకెళ్ళారు."

"పోనీ, ఈ రేవులో టాయ్‌లెట్ అయినా ఉందా?"

"ఉంది. పైన. తాళం వేసుంటుంది."

హనుమత్‌ప్రసాద్ వాచీ చూసుకున్నాడు. పది. ఒంటిగంటకి కార్క్ నగరం నుంచి పెద్ద డాక్టరు వెంకటేశ్వర రావు గారు భార్యతో సహా ట్రాలీ ఊళ్ళోని వీళ్ళింటికి భోజనానికి వస్తున్నారు. ఆయన ఒక్క సిఫార్సు ఉత్తరం రాస్తే కన్సల్టెంట్ పోస్టు వచ్చినట్టే. పీతల పులుసని ఆయన్ని ఫోన్లో రెండుసార్లు ఊరించాడు కూడా.

"కంగారెందుకు?" అన్నాడు డోనల్ ఫ్లాస్కు మూత తీస్తూ. "ఇప్పుడు ఆటు. పోటు మొదలైతే నీళ్ళే పడవని పైకెత్తుతాయి. మూడింటికల్లా నువ్వు హాయిగా గట్టెక్కెయ్యొచ్చు. గ్రాండ్!"

"మూడింటికా!"

"ఉండండి, ఎవరినైనా అడిగొస్తా," అంటూ ఊర్మిళ ఐస్ గది వైపు పరిగెత్తింది. పావుగంటకి తిరిగొచ్చేసరికి ఆమె మొహంలో ఆదుర్దా లేదు.

"వెంకటేశ్వర రావు అంకుల్‌కి ఫోన్ చేశాను. రాత్రికి రమ్మన్నా, సరేనన్నారు. మీరు స్థిమితంగా కూర్చోండి."

అంతే, మళ్ళీ కనబడలేదు. ఎంత నిబ్బరం ఈవిడకి అనుకున్నాడు హనుమత్‌ప్రసాద్.

డోనల్ టీ పోసిచ్చాడు. ఒక గుక్క తాగనిచ్చి, గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్, ఎలాగూ ఖాళీగానే ఉన్నాం కదా..."

కుడి చెయ్యి భుజం దాటి లేవదట. స్పెషలిస్టు దగ్గర పేరు రాయించుకుని పద్నాలుగు నెలలైందట. ఊళ్ళో అన్ని రోగాలూ చూసే జీపీ డాక్టరు రిటైరైపోయాడు, కొత్తాయన రాలేదు.

హనుమత్‌ప్రసాద్ నిట్టూర్చి భుజం పట్టి చూశాడు. పడవ గది గోడ మీద వేళ్ళు ఒక్కొక్కటే పైకి పాకించమన్నాడు. నొప్పి మొదలయ్యే చోట ఆపించి, మళ్ళీ పాకించాడు. నాలుగోసారికి చెయ్యి జానెడు పైకి లేచింది.

"గ్రాండ్!" అని డోనల్ పెట్టిన కేక పక్క పడవకి వినబడింది.

ఆ పడవలోంచి ఒకాయన బాగా వాచిన బొటనవేలితో ఇటు దాటాడు. ఆయన వెనకాల నడుం పట్టుకుని ఇంకొకాయన. ఆ తర్వాత మెడ. మడమ. పడవ నుంచి పడవకి దాటుకుంటూ జనం వస్తూనే ఉన్నారు. చేపల పెట్టె ఒకటి బోర్లించి డాక్టరు కూర్చున్నాడు, ఇంకోటి రోగికి వేశారు. మందుల పేర్లు రాయడానికి డోనల్ కరెంటు బిల్లు చించి ముక్కలు చేశాడు. ఒకావిడ కుక్కని ఎత్తుకొచ్చింది. హనుమత్‌ప్రసాద్ దాని కాలు కూడా చూసి, ముల్లు తీశాడు.

హాస్పిటల్లో అయితే ఈపాటికి తల పగిలిపోయేది. ఇక్కడ ఫోన్ మోగడం లేదు, ఫైలు లేదు. చెప్పుకున్నంతసేపూ చెప్పుకోనిస్తున్నాడు. కొంగలా మెడ సాచి నవ్వుతున్నాడు కూడా. చూపించుకున్నవాళ్ళు ఫీజు కింద పీతలు తెచ్చి పడేసిపోతుంటే బుట్ట పొంగిపోయింది. పడవ పైకి లేస్తోందనీ, నిచ్చెన కమ్ములు చేతికి అందే ఎత్తుకి వచ్చాయనీ అతను గమనించనే లేదు.

"నెక్స్ట్!" అన్నాడు, తలెత్తకుండా చీటీ రాస్తూ.

ఎవరో వచ్చి పెట్టె మీద కూర్చున్నారు.

"ఎడమ మోకాలండీ. లేచి నించుంటే కలుక్కుమంటోంది."

తెలుగు! హనుమత్‌ప్రసాద్ ఉలిక్కిపడి తలెత్తాడు.

"ఊర్మిళా! నువ్వెలా దిగావ్?"

"ఆ చివరి పడవ దగ్గర రాతిమెట్లున్నాయి, పదింపావుకే చూశాను," అంది ఊర్మిళ కాలు ముందుకు చాపుతూ. "ఇంట్లో ఆర్నెల్లుగా చెబుతుంటే రేపు చూస్తా, రేపు చూస్తా అంటున్నారు. ఇవాళ నా నంబరు పద్దెనిమిది."