కొత్త చీటీ

"ఎల్లుండి పరగడుపున రావాలి. కాఫీ చుక్క కూడా తాగకూడదు," అంటూ నర్సు జాస్మిన్ చేతిలో ఆపరేషన్ చీటీ పెట్టింది.

జాస్మిన్ బెంచీ మీద కూలబడింది. ఆమెకు ఇరవయ్యేడేళ్లు. నాలుగేళ్ల కూతురుంది. ఆరు నెలలుగా పొత్తికడుపులో ఒకటే నొప్పి. గర్భసంచి పాడైందనీ, తీయకపోతే క్యాన్సరనీ పొద్దున్నే డాక్టరు తేల్చేశాడు. ఇంకో బిడ్డ కోసం ఆమె ఎంత ఆశపడుతోందో పక్కన కూచున్న వీరమ్మకు తెలుసు. ఇద్దరూ రెండేళ్లుగా ఒకే షెడ్డులో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మొగుడు ఊళ్లో లేడని జాస్మిన్ బతిమాలితే వీరమ్మ తోడొచ్చింది.

"అంకమ్మరావు గారూ, ఎట్టాగూ గుంటూరు దాకా వచ్చాం. నాకూ అదే నొప్పి. నన్నూ చూపించండి," అంది వీరమ్మ.

అంకమ్మరావు ముఖం చాటంతయింది. వినుకొండ అవతల నుంచి వచ్చి, మూడేళ్ల కిందట వీళ్ల ఊళ్లో దిగిన ఆరెంపీ డాక్టరతను. సూది వేయడం వచ్చు, సెలైను ఎక్కించడం వచ్చు. అంతకు మించిన వైద్యమంతా ఈ ఆసుపత్రికి ఆటో ఎక్కించడమే.

"ముందే చెప్పొద్దా వీరమ్మా! మీ ఆడవాళ్లింతే. ప్రాణం మీదికొచ్చేదాకా నోరు విప్పరు."

నర్సు పుస్తకం తీసింది. "ఇంతకు ముందు ఇక్కడికొచ్చావా?"

"కొత్త చీటీనే రాయమ్మా. నా పేరు వీరమ్మ. నలభై రెండేళ్లు."

స్కానింగు గదిలో పొట్ట మీద జిగురు రాశారు. "ఈ కోతేంటి, పిల్లల ఆపరేషనా?" అని అడిగిన స్కానింగు ఆవిడే జవాబు కోసం ఆగకుండా తలూపేసింది. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ మిషన్ని అటూ ఇటూ రెండుసార్లు తిప్పి, లేవమంది. చెయ్యి కడుక్కున్నంత సేపు కూడా పట్టలేదు.

డాక్టరు గదిలోకి వీరమ్మ జాస్మిన్‌ని కూడా వెంటబెట్టుకుపోయింది. వెనకే అంకమ్మరావు.

డాక్టరు రిపోర్టు చూశాడు. మనిషిని చూడలేదు. "గర్భసంచి వాచింది. మూతి దగ్గర పుండుంది. తీసేయడం మంచిది. లేకపోతే క్యాన్సర్‌లోకి దిగుద్ది."

పొద్దున జాస్మిన్‌కు చెప్పిందే, అక్షరం పొల్లు పోకుండా.

"చెయ్యి పెట్టి చూడరా అండీ?"

"స్కాన్ ఉందిగా."

"మేం తొడిమలు తీసేవాళ్లమండీ," అంది వీరమ్మ. "పొద్దున కూచుంటే మళ్లీ సాయంత్రం దాకా ఒంటేలుకి లేవం. కారం చేతుల్తో ఎక్కడ ముట్టుకున్నా భగ్గుమంటది. అందుకని పగలు గుక్కెడు నీళ్లు కూడా తాగం. నొప్పి దాన్నుంచి కాదా?"

"అదేం కాదు."

"ఒంటేలు పరీక్షయినా చేయరా?"

"దేనికి?" విసుక్కున్నాడు డాక్టరు.

వీరమ్మకు ఒళ్లు మండింది. "పొత్తికడుపులో ఉండేది ఒక్క గర్భసంచేనా అండీ? ఒంటేల్లో చీము పట్టినా నొప్పేనంట. అండాల మీద నీటిబుడగలున్నా నొప్పేనంట. పేగులు మొరాయించినా నొప్పేనంట. ముందు అయ్యన్నీ చూడాలని సర్కారు డాక్టరమ్మ చెప్పింది. మీరేమో ఎవరొచ్చినా సంచి తీస్తానంటారే!"

"అయితే ఆవిడ దగ్గరికే పో."

అంకమ్మరావు అడ్డం పడ్డాడు. "ఊరుకో వీరమ్మా! పెద్ద డాక్టరు గారితో మాట్లాడే తీరిదేనా?"

"సరే, ఊరుకుంటా. నా గర్భసంచి చెడిపోయిందని తెలుగులో రాసి సంతకం పెట్టండి. అప్పుడు నోరెత్తను."

డాక్టరు ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ పీడ వదిలితే చాలనుకున్నాడేమో, నర్సును పిలిచి రాయించాడు. సంతకం గీకి, ముద్ర కొట్టాడు. జాస్మిన్ ఇంటర్ దాకా చదివింది. వీరమ్మ కాగితం ఆమె చేతికిచ్చి పైకి చదవమంది.

"వీరమ్మ, నలభై రెండేళ్లు. గర్భసంచి వాచి, మూతి వద్ద పుండు ఉన్నది. వెంటనే తొలగించవలెను." చదివింది జాస్మిన్.

వీరమ్మ కాగితాన్ని మడిచి రవికలో దోపుకుంది. "ఇంక లే. రేపు పెద్దాసుపత్రికి పోదాం. ఒంటేలు పరీక్ష చేయించి, నొప్పెందుకో కనుక్కుందాం. ఎల్లుండి ఇక్కడికి నువ్వు రావటంలా."

"ఏందీ రాకపోయేది?" అంకమ్మరావు గొంతు పెంచాడు. "చావాలనుంటే నువ్వు చావు. ఆ పిల్లనెందుకు చంపుతావు?"

"నీ ప్రాణం నీ ఇష్టం," అన్నాడు డాక్టరు. "ఆ అమ్మాయికేమన్నా అయితే నువ్వు పూచీనా?"

"పూచీనే!"

వీరమ్మ తలుపు బార్లా తెరిచింది. బయట హాల్లో కడుపులు పట్టుకుని కూచున్న ఆడవాళ్లంతా ఒక్కసారి ఇటు తిరిగారు. అందరి చేతుల్లోనూ చీటీలే.

జాస్మిన్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆపరేషన్ చీటీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఏడుపొచ్చేసింది.

"నీ ధైర్యం నాకు లేదక్కా. నేను పోతే నా బిడ్డకెవరున్నారు? అయినా లోపల పుండుందని రాసిచ్చినాక కూడా నీకు భయం లేదా?"

"లేదు," అంది వీరమ్మ. ఆ మాట జాస్మిన్‌కే చెప్పినా, హాలు చివరిదాకా వినపడేలా అంది.

"నా గర్భసంచిని పదకొండేళ్ల కిందటే ఈ డాక్టరే తీసేశాడు."